చుక్కలు మీరివ్వండి, ముగ్గు వాళ్లేసుకుంటారు

ప్రశ్న: ఉప్పల్‌లో మాకు పెయింట్స్, హార్డ్‌వేర్ షాపు ఉంది. వచ్చే జనవరికి షాపు పెట్టి ఇరవై ఏళ్లు. ఏటా కస్టమర్లకి షాపు పేరుతో పెన్నులు, కీచైన్లు, డైరీలు ఇస్తూ వచ్చాం. పోయినేడు ప్లాస్టిక్ నీళ్ల బాటిళ్లు ఇచ్చాం. మొన్న ఒక అపార్ట్‌మెంట్‌లో డెలివరీ ఇవ్వడానికి వెళ్తే వాచ్‌మన్ గదిలో మా బాటిళ్లు ఆరేడు కనిపించాయి. ఒకదాంట్లో ఫినాయిల్ పోసి పెట్టాడు. "ఈసారి ఇంట్లో కూర్చుని సరదాగా ఏదైనా చేసుకునేది ఇద్దాం, కాసేపైనా ఫోన్ పక్కన పెడతారు" అని మా ఆవిడ అంటోంది. మా మేనల్లుడేమో పవర్‌బ్యాంకులే బెస్ట్ అంటాడు. మొత్తం నాలుగు వందల మంది. తలకి 250 రూపాయలు దాటకూడదు. అందులో రెండున్నర వందలు ఇళ్లవాళ్లు, ఓ వంద మంది పెయింటర్లు, మేస్త్రీలు, మిగతావాళ్లు చిన్న బిల్డర్లు. ఏమివ్వాలి? షాపు పేరు ఎంత పెద్దగా వేయించాలి?
– ఒక షాపు యజమాని, ఉప్పల్

సమాధానం: ముందు ఆ ఫినాయిల్ బాటిల్ సంగతి. దానికి మీరేం బాధపడకండి. ఊరికే ఇచ్చిన వస్తువుకి ఆ గతి పట్టడం మీతో మొదలవలేదు. 1900లో ఫ్రాన్స్‌లో మిషెలిన్ అనే టైర్ల కంపెనీ కారున్నవాళ్ల కోసం ఒక చిన్న పుస్తకం వేసింది. మ్యాపులు, టైరు ఎలా మార్చుకోవాలి, మెకానిక్ ఎక్కడుంటాడు, రాత్రి ఎక్కడ బస చేయొచ్చు, అన్నీ అందులో ఉండేవి. అప్పటికి ఆ దేశంలో కార్లు మూడు వేలు కూడా లేవు. వాళ్లు మాత్రం 35,000 కాపీలు వేసి ఉచితంగా పంచారు. కొన్నేళ్ల తరువాత ఆ కంపెనీ అన్నదమ్ముల్లో ఒకాయన ఒక టైర్ల షాపుకి వెళ్తే, తమ పుస్తకాలు బల్ల కోడు కింద ఎత్తు కోసం పెట్టి ఉన్నాయట. 1920 నుంచి దానికి ధర పెట్టారు. అదే ఇప్పుడు రెస్టారెంట్లకి నక్షత్రాలిచ్చే మిషెలిన్ గైడ్.

ఈ కథ ఎందుకు చెప్పానంటే, టైర్లు అమ్మేవాడు టైరు బొమ్మ ఉన్న కీచైన్ ఇవ్వలేదు. కారేసుకుని ఊళ్లు తిరిగే సరదాని ఇచ్చాడు. తిరిగితే టైరు అరుగుతుంది, అరిగితే మళ్లీ తన దగ్గరికే వస్తారు. మీ ఆవిడ చెబుతున్నదీ ఇదే. ఆవిడ మాట వినండి.

మేనల్లుడిని నొప్పించకుండా ఒక మాట చెప్పండి. 250 రూపాయల్లో మంచి పవర్‌బ్యాంకు రాదు. పవర్‌బ్యాంకుకి బీఐఎస్ (నాణ్యతా ప్రమాణాలు చూసే ప్రభుత్వ సంస్థ) రిజిస్ట్రేషన్ తప్పనిసరి, ఆ రేటుకి దొరికేవాటి మీద ఆ గుర్తు ఉందో లేదో మీరే చూడండి. రేపు అది ఉబ్బితే, ఉబ్బినదాని మీద మీ షాపు పేరుంటుంది. పైగా ఫోన్ పక్కన పెట్టించాలన్న మీ ఆవిడ ఉద్దేశానికి అది సరిగ్గా అడ్డం.

ఇలాంటి కానుకలు తీసుకున్నదాన్నిగా నా అనుభవం ఒకటి. మూడేళ్ల కిందట ఒక ఆఫీసు వాళ్లు నాకు 'మీ బాల్కనీలో మీ తోట' అని ఒక కిట్ ఇచ్చారు. అందమైన అట్టపెట్టె, చిన్న కుండీ, కొబ్బరిపొట్టు బిళ్ల, మూడు విత్తనాల పొట్లాలు. బిళ్ల నీళ్లలో వేస్తే పొంగింది, ఇంట్లో అందరం చుట్టూ చేరి చూశాం. ఆ తరువాత పదిహేను రోజులు చూసినా ఒక్క మొలక రాలేదు. పొట్లం తిప్పి చూస్తే విత్తనాల గడువు తేదీ ఏడాది కిందటే అయిపోయింది. అయినా ఇచ్చింది ఏప్రిల్ నెలలో, మన హైదరాబాద్ ఎండలో. విత్తనం మొలవలేదు కానీ కుండీ మీద కంపెనీ పేరు మాత్రం ఈ రోజుకీ చెక్కుచెదరలేదు. అందులో ఇప్పుడు కత్తెర, పాత పెన్నులు పెట్టుకుంటున్నాను. అది చూసినప్పుడల్లా నాకు గుర్తొచ్చేది ఆ మొలవని విత్తనాలే.

అందుకని మీకు చెప్పేది ఒకటే. కొత్త సరదా ఏదో తెచ్చి వాళ్ల నెత్తిన పెట్టకండి. వాళ్లింట్లో ఇప్పటికే ఉన్న సరదా ఏదో పట్టుకుని, దానికి ఏం తక్కువైందో అది ఇవ్వండి. ఇచ్చినది ఆ రాత్రికే, వేరే ఏదీ కొనకుండా, కూర్చుని మొదలుపెట్టేలా ఉండాలి.

రంగుల షాపు కాబట్టి మీకు ముందు తట్టేది పెయింటింగ్ కిట్ అని నాకు తెలుసు. ఒక మట్టి కుండీ, రెండు మూడు చిన్న రంగు డబ్బాలు, అరంగుళం బ్రష్, ఎమ్రీ పేపర్ ముక్క. వినడానికి బాగుంటుంది, కానీ నాలుగు వందల కుండీలు ఎక్కడ పెడతారు? బండి మీద తీసుకెళ్తే ఎన్ని పగులుతాయి? ఎనామిల్ ఇస్తే టర్పెంటైన్ కూడా ఇవ్వాలి, ఆ వాసన అపార్ట్‌మెంట్ మొత్తానికీ. ఇంట్లో పిల్లలుంటారు కనుక, చేతిపనికి ఏ రంగు ఇచ్చినా నీళ్లతో కడుక్కునేదే ఇవ్వాలి. దాని మీద సీసం 90 పీపీఎంకి, అంటే పది లక్షల పాళ్లలో 90 పాళ్లకి, మించలేదని రాసి ఉండాలి. ఇళ్లకు వాడే రంగులన్నిటికీ 2017 నవంబరు నుంచి ఆ నిబంధన ఉంది, మీకు నేను చెప్పక్కర్లేదు. ఇంకోటి, మీ స్టాకులోంచి తీసి ఊరికే ఇచ్చిన సరుకు మీద జీఎస్టీ క్రెడిట్ (కొన్నప్పుడు కట్టిన పన్నుని మీరు కట్టాల్సిన పన్నులోంచి తగ్గించుకోవడం) తీసుకోవడానికి వీల్లేదు, ఇదివరకే తీసుకుని ఉంటే వెనక్కి కట్టాలి. కానుకకని బయట కొన్నదానికీ అంతే. మీ ఆడిటర్‌తో ఒకసారి మాట్లాడి లెక్కలో కలుపుకోండి. 250 అనుకున్నది మరీ సాగదు.

మరి ఏమివ్వాలి? మీ కౌంటర్ దగ్గరే దొరికింది నాకు జవాబు. సంక్రాంతికి ముందు వారం రోజులు మీ షాపుకి వచ్చే ఆడవాళ్లు ఏమడుగుతారు? "గడపకి పసుపు రంగు, చిన్న డబ్బా ఇవ్వండి. తెలుపు ఒకటి, ఎరుపు ఒకటి." యాభై మిల్లీ, వంద మిల్లీ డబ్బాలు. మీకు ఆ బేరంలో పెద్దగా మిగిలేదేం ఉండదు, రద్దీలో కాస్త విసుగ్గా కూడా ఉంటుంది. కానీ ఆ చిన్న డబ్బా అడిగే మనిషి ఇంటికెళ్లి పీట వేసుకుని గంటసేపు గడప మీద ముగ్గు పెడుతుంది. మీరు వెతుకుతున్న సరదా ఇదే.

మా అమ్మ దగ్గర ఒక పాత పుస్తకం ఉండేది. ఊళ్లో ఎరువుల కొట్టువాళ్లు మా నాన్నకి ఇచ్చిన లెక్కల పుస్తకం. ఎర్ర అట్ట మీద నల్ల అక్షరాలతో కొట్టు పేరు. నాన్న మొదటి నాలుగు పేజీల్లో యూరియా బస్తాల లెక్క రాసి వదిలేశారు, మిగతాదంతా అమ్మ ముగ్గులకి వాడుకుంది. పెన్సిల్‌తో చుక్కలు, వాటి మీద బ్లేడుతో చెక్కిన నటరాజ్ పెన్సిల్‌తో గీతలు. పక్కన చిన్నగా '15 నుంచి 8, సందు చుక్క', 'పెద్దక్క ఇంట్లో చూసింది', 'ఇది తప్పు, మళ్లీ వేయాలి'. ఒక పేజీ మూల పసుపు అంటిన బొటనవేలి ముద్ర. ఆ కొట్టు మూసేసి నాకు తెలిసే ముప్పై ఏళ్లయింది. పేరు మాత్రం ఇప్పుడడిగినా చెప్తాను. అట్ట మీద అక్షరాలు పెద్దవని కాదు, ప్రతి ధనుర్మాసం ఆ పుస్తకం మా వసారాలో తెరుచుకునేది కనుక.

ఆ పుస్తకంలో అచ్చయి లేనివి చుక్కలొక్కటే. ప్రతి పేజీలో అమ్మ స్కేలు పెట్టి చుక్కలు పెట్టుకునేది, సగం ఓపిక దానికే అయిపోయేది. మీరు ఆ చుక్కలు అచ్చు వేయించి ఇవ్వండి.

మార్కెట్లో 'డాట్ నోట్‌బుక్' అని దొరుకుతున్నాయి, ఆన్‌లైన్‌లోనూ ఉన్నాయి. అవి కొని మీ పేరు స్టాంపు వేయించేద్దామనుకోకండి. వాటిల్లో చుక్కలన్నీ నిలువూ అడ్డం ఒకే వరసలో ఉంటాయి. అంటే సరి చుక్క ముగ్గులకే పనికొస్తాయి. సందు చుక్క అంటే మీ ఆవిడకి తెలుస్తుంది. పై వరసలో రెండు చుక్కలకి మధ్య వచ్చేలా కింది వరసలో చుక్క పెట్టాలి. మధ్యలో 15, అటూ ఇటూ 14, 13 అని తగ్గుకుంటూ 8 దాకా. ఈ లెక్కలో ముగ్గు ఆరు మూలలతో వస్తుంది. తామరపూలు, చిలకలు ఈ చుక్కల మీద కూడా వేస్తారు. కాబట్టి పుస్తకం తెరిస్తే ఎడమ పేజీ సందు చుక్కలు, కుడి పేజీ సరి చుక్కలు ఉండేలా మీరే వేయించుకోవాలి. ఇలాంటిది బజార్లో నేనైతే చూడలేదు. ప్రింటింగ్ ప్రెస్ వాళ్లకి ఇది పెద్ద పనేం కాదు.

కొలతలు కూడా చెప్పేస్తాను, ఎందుకంటే ఇక్కడే పని చెడుతుంది. మామూలు నోట్‌బుక్ సైజు, అంటే ఏ5 తీసుకుంటే వెడల్పు 14.8 సెంటీమీటర్లు. చుక్కకీ చుక్కకీ మధ్య సెంటీమీటరు పెడితే 15 చుక్కలు దాదాపు అంచుల దాకా పోతాయి, మార్జిన్ మిగలదు. 8 మిల్లీమీటర్లు పెట్టించండి, 15 చుక్కలు పదకొండు సెంటీమీటర్ల చిల్లరలో సరిపోతాయి, రెండు వైపులా మార్జిన్ కూడా మిగులుతుంది. చుక్కలు లేత బూడిద రంగులో ఉండాలి. నల్లగా వేస్తే గీసిన గీత కనపడదు, చుక్కలే కనపడతాయి. కాగితం 90 జీఎస్ఎం (చదరపు మీటరు కాగితం బరువు, గ్రాముల్లో) తగ్గకూడదు. పిల్లలు స్కెచ్ పెన్నులు పట్టుకుంటారు, పల్చటి కాగితమైతే వెనకపేజీకి దిగుతుంది. 64 పేజీలు చాలు, మధ్యలో పిన్ను కొట్టిన పుస్తకమైతే నేల మీద పరిచినా పడుకునే ఉంటుంది. జిగురుతో అంటించిన బైండింగు వద్దు. ఒక చేత్తో పుస్తకం నొక్కిపట్టుకుని ఇంకో చేత్తో ముగ్గు ఎవరు వేస్తారు?

లోపలంతా ఒకే రంగు కాబట్టి ఖర్చు తక్కువ. పెయింటర్లకి వేరేది చెబుతాను కనుక ఇళ్లవాళ్లకీ బిల్డర్లకీ కలిపి మూడు వందల పుస్తకాలు కావాలి. ఆఫ్‌సెట్‌లో ప్లేటు ఖర్చు మూడు వందలకీ అంతే, నాలుగు వందలకీ అంతే. అందుకని నాలుగు వందలకి కూడా రేటు అడిగి చూడండి. మిగిలిన వంద సంక్రాంతికి కౌంటర్లో పెట్టి, గడప రంగు కొన్నవాళ్లకి ఇవ్వొచ్చు. రెండు మూడు చోట్ల కొటేషన్ తీసుకోండి. ఛత్తా బజార్‌లో పెళ్లి పత్రికలు వేసేవాళ్లయితే అట్ట మీద ఫాయిల్ పని బాగా చేస్తారు. మీ దగ్గర్లోని ప్రెస్ అయితే నాలుగుసార్లు వెళ్లి చూసుకునే వీలుంటుంది. నేనైతే దగ్గర్లోదే ఎంచుకుంటాను.

అట్ట మీద తెలుగు అక్షరాలుంటే ఒక జాగ్రత్త. చాలా ప్రెస్సుల్లో ఇంకా అను ఫాంట్లే (ఫోన్లో తెలుగుతో కలవని పాత పద్ధతి అక్షరాలు) వాడతారు. మీరు ఫోన్లో టైప్ చేసి వాట్సాప్‌లో పంపిన తెలుగు అక్కడ అతికించేసరికి ఒత్తులు ఎగిరిపోతుంటాయి. ఫోన్లో పీడీఎఫ్ చూసి ఓకే అనేయకండి. ఒక కాపీ కాగితం మీద తీయించి, మీ పేరూ వీధి పేరూ అక్షరం అక్షరం వేలు పెట్టి చదవండి. పదేళ్లుగా బోర్డు మీద తప్పు పేరుతో వ్యాపారం చేస్తున్న వాళ్లని నేను ఎరుగుదును.

ఇక పేరు ఎంత పెద్దగా అన్న మీ ప్రశ్న. ముందు అట్ట మీద మీ షాపు పేరు వద్దు. అక్కడ ఒక మంచి ముగ్గు వేయించండి, మీ ఆవిడ చేత్తో వేసినదైతే ఇంకా బాగు. పేరు వెనక అట్ట కింద, రెండు వేళ్ల వెడల్పులో చాలు. 'ఇరవై ఏళ్ల సందర్భంగా' అన్న మాట లోపల మొదటి పేజీలో ఒక్క వాక్యం. కానీ చివరి పేజీ మాత్రం పూర్తిగా మీది. అందులో ఒక పట్టిక గీయించండి: ఏ గది, ఏ కంపెనీ రంగు, షేడ్ నంబరు, ఎప్పుడు వేశాం, ఎన్ని లీటర్లు పట్టింది. దాని కింద మీ ఫోన్ నంబరు. మీకు తెలిసిందే, రెండేళ్ల తరువాత హాల్లో గోడ మీద గీత పడితే టచప్‌కి అదే రంగు కావాలని వస్తారు. నంబరు అడిగితే "లేత గులాబీ, మరీ గులాబీ కాదు" అంటారు. మీరు పాత బిల్లులన్నీ తిరగేస్తారు. ఆ పట్టిక మీరే, మీ బిల్లులు చూసి, పాత కస్టమర్లకి నింపి ఇవ్వగలిగితే ఆ పుస్తకాన్ని వాచ్‌మన్‌కి ఎవరూ ఇవ్వరు. రెండున్నర వందల ఇళ్లకి నింపడం శ్రమే. కనీసం ఈ రెండేళ్లలో రంగులు వేయించుకున్నవాళ్లకి నింపండి. ఆ పని మేనల్లుడికి అప్పజెప్పండి.

ముగ్గు వేసేవాళ్లు లేని ఇళ్లు కూడా ఉంటాయి, ఒంటరి కుర్రాళ్లుంటారు, ఇతర మతాల వాళ్లుంటారు. చుక్కల కాగితం వాళ్లకీ పనికొస్తుంది. గది కొలతలు గీసుకోవచ్చు, ఎంబ్రాయిడరీ డిజైన్ వేసుకోవచ్చు, పిల్లలు చుక్కలు కలిపి గళ్లు కట్టుకునే ఆట ఆడుకోవచ్చు. అందుకని అట్ట మీద దేవుడి బొమ్మ వేయించకండి, 'ముగ్గుల పుస్తకం' అని రాయించకండి. 'చుక్కల పుస్తకం' అనండి.

పెయింటర్లు, మేస్త్రీలు వేరు. రోజంతా గోడ మీద బ్రష్ తిప్పి వచ్చినవాడికి పుస్తకమిచ్చి గీసుకోమంటే నవ్వుతాడు. నా సలహా అష్టాచెమ్మా. దళసరి గుడ్డ మీద ఐదు అడ్డం, ఐదు నిలువు గళ్లు, ఒక రంగులో స్క్రీన్ ప్రింటింగ్. నాలుగు గవ్వలు, నాలుగు రంగుల్లో నాలుగేసి కాయలు, అన్నీ పట్టే ఒక సంచి. గవ్వలు బేగంబజార్‌లోనూ, పూజా సామాన్ల కొట్లలోనూ దొరుకుతాయి. కారమ్స్ సంగతి మీరనొచ్చు, కానీ బోర్డు లేకుండా కాయిన్లూ స్ట్రైకరూ ఇచ్చి లాభం లేదు, బోర్డు మీ బడ్జెట్లో రాదు. పైగా మీ పెయింటర్లలో బీహార్ నుంచో ఒడిశా నుంచో వచ్చి అయిదారుగురు ఒకే గదిలో ఉండేవాళ్లుంటే బోర్డు పెట్టడానికి చోటూ ఉండదు. గుడ్డయితే మడిచి దిండు కింద పెట్టుకోవచ్చు. వాళ్ల కోసం వెనకవైపు లూడో వేయించండి, అది తెలియనివాళ్లు లేరు. గుడ్డ పల్చగా ఉంటే ఒకవైపు రంగు రెండోవైపు కనపడుతుంది, ముక్క మీద వేయించి చూశాకే ఆర్డరివ్వండి. అదే ముక్కని సబ్బుతో రెండుసార్లు ఉతికి ఆరేయండి. గళ్లు వెలిసిపోతే ఆ ప్రెస్సు వద్దు. రంగులమ్మే షాపు ఇచ్చిన గుడ్డ రంగు వెలిసిందంటే, ఆ జోకు మీ అడ్డా మీద ఏడాదంతా నడుస్తుంది.

ఇక్కడ మీకు ఒక టెంప్టేషన్ వస్తుంది. మధ్య గడిలో మన లోగో వేయిస్తే ఎలా ఉంటుంది అని. వద్దు. అది కాయ పండే గడి. అందరి కళ్లూ అక్కడే ఉంటాయన్నది నిజమే, కానీ ఆడేవాళ్లకి అక్కడ కనపడాల్సింది ఇంటూ గుర్తు. పేరు సంచి మీద వేయించండి. ఆట నియమాలు తెలుగులో, హిందీలో చిన్న చీటీ మీద వేయించి లోపల పెట్టండి. నాలుగు గవ్వలూ వెల్లకిలా పడితే చెమ్మ, నాలుగు. నాలుగూ బోర్లా పడితే అష్ట, ఎనిమిది. ఒక్కో ఊళ్లో ఒక్కోలా ఆడతారు, ఆ గొడవ వాళ్లే పడతారు, అదీ ఆటలో భాగమే. అయితే ఇదంతా ఆర్డరిచ్చే ముందు, పొద్దున్నే మీ షాపు ముందు టీ తాగే నలుగురు పెయింటర్లని ఒక్కసారి అడగండి. వాళ్లు ఇంకేదైనా చెబితే నా మాట పక్కన పెట్టి వాళ్ల మాట వినండి.

బిల్డర్లకి విడిగా ఏమీ వద్దు, ఇళ్లవాళ్లకిచ్చే పుస్తకమే ఇవ్వండి. షేడ్ నంబర్ల పట్టిక అందరికన్నా వాళ్లకే ఎక్కువ అవసరం, వాళ్ల పుస్తకాల్లో ఆ పేజీ ఒకటి కాకుండా నాలుగు పెట్టించండి. మరీ దగ్గరివాళ్లు ముగ్గురు నలుగురుంటే వాళ్లకి గోడకి తగిలించుకునే చేర్యాల మాస్కు ఒకటి కొనివ్వండి, కానీ దాని మీద మీ పేరు అతికించకండి. ఎవరో కళాకారుడు చింతగింజల అంబలి పూసి చేసినదాని మీద హార్డ్‌వేర్ షాపు స్టిక్కర్ ఏం బాగుంటుంది?

ఎప్పుడు ఇవ్వాలన్నది కూడా చూసుకోండి. షాపు వార్షికోత్సవం జనవరిలో అయినా పుస్తకాలు జనవరి దాకా ఆపకండి. జనవరి ఒకటికి ఊరంతా డైరీలు, క్యాలెండర్లు పంచుతుంది, ఆ గుట్టలో మీదీ ఒకటవుతుంది. డిసెంబరు మధ్యలో ధనుర్మాసం మొదలవుతుంది, అప్పటికి వాళ్ల చేతిలో ఉండాలి. అంటే నవంబరు మొదట్లోనే ప్రెస్సుకి ఇవ్వాలి. చుట్టూ ప్లాస్టిక్ కవరు, రిబ్బను వద్దు. ఆ డబ్బుతో పుస్తకంతో పాటు ఒక పెన్సిల్ పెట్టండి. మర్చిపోకుండా దాన్ని చెక్కించి పెట్టండి. చెక్కని పెన్సిల్ ఇస్తే ఆ రాత్రి షార్ప్‌నర్ వెతుక్కోవాలి, అదేమో ఏ ఇంట్లోనూ కావలసినప్పుడు దొరకదు.